చక్కని తెలుగు

లిలువా, మంగళవారం రాత్రి

కాలేజీలో ప్రిన్సిపాల్ అన్న మాటల కోపం ఇంటిదాకా మోసుకొచ్చాను. గుమ్మంలో చెప్పులు విసిరికొట్టగానే, పిల్లలిద్దరూ బెంగాలీలో ఆడుకుంటున్న ఆట ఆగిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ చక్కగా తెలుగే మాట్లాడారు. ఈ బెంగాలీ ఊళ్లో ఉన్నా ఇంట్లో తెలుగు మాట్లాడమని రోజూ పోరుతుంటాను కదా, లోలోపల సంతోషించాను కూడా.

కరెంటు పోయాక, పక్కగదిలో పెద్దది చెల్లెలికి చెప్పడం వినబడింది.

"తెలుగులోనే మాటాడు. అమ్మ కోపంగున్నాది."

"నవ్వితే ఏటవుద్ది?"

"ఇప్పుడు నవ్వకే."

నా తెలుగు వాళ్లకు భయమేసినప్పుడు మాట్లాడే భాష అయిందన్నమాట. సిగ్గుతో కొవ్వొత్తి పట్టుకుని వెళ్లి, ఏం ఆడుతున్నారని బెంగాలీలోనే అడిగాను. ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు.

"ఏటీ లేదమ్మా," అంది చిన్నది, తెలుగులో.