ఊపిరితిత్తిలో పాత మచ్చ

అంతా అయినాక కువైట్‌కి పనికిరానన్నారు బావా. అరబ్బుల ఇంట్లో వంటపని. పులుసు వండి చూపిస్తే ఏజెంటు రెండుసార్లు వడ్డించుకొని తిన్నాడు. తీరా మెడికల్‌కి పోతే ఎక్స్‌రే చూసి అన్‌ఫిట్ అని రాసినారు. ఊపిరితిత్తిలో మచ్చంట.

"అది పాత టీబీ సార్, ఎప్పుడో తగ్గిపోయింది" అన్నాను.

"తగ్గినా మచ్చ మచ్చే" అన్నాడా డాక్టరు.

అప్పట్లో నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని కావలి సర్కారు ఆసుపత్రికి తిప్పింది నువ్వే. మాత్ర మింగినాక నోరు తెరిచి చూపించమనేవాడివి. అంత చూసినోడివి, ఆ మచ్చ కూడా తుడిపించి ఉంటే పోయేది గదా.

పడవ ఉంటే కువైట్ ఊసే ఎత్తేవాణ్ణి కాదులే. నీ డయాలసిస్‌కి ముందు వలలు అమ్మినాం, తర్వాత ఇంజను, ఆఖరికి పడవ. "ఇంక నేనే మిగిలినా, కొనేవాడుంటే నన్నూ అమ్మేయండి" అని నెల్లూరు ఆసుపత్రి మంచం మీద నవ్వినావు. నర్సమ్మ కూడా నవ్వింది. నువ్వు పోయినాక ఇప్పుడు ఆ మాట నేను ఎవరికి చెప్పినా నవ్వరు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పినాను. "అయ్యో" అనింది. నా ప్రయాణం మాట ఎత్తిన కాడ్నించి నోరు మెదపని మనిషి, రోటి దగ్గర కూర్చొని కూనిరాగం తీస్తా పచ్చడి నూరింది. నేను పోయుంటే ఈ ఇంట్లో తనొక్కతే గదా.

రేపట్నించి మళ్ళీ పక్కోళ్ళ పడవలో కూలికి పోవాల. అయినా నీకు కాబట్టి చెప్తున్నా బావా, ఆ డాక్టరు అన్‌ఫిట్ అన్నప్పుడు నాకు లోపల్లోపల

"ఒరే, అన్నం చల్లారిపోతా ఉండాది, రా."

వస్తున్నానక్కా, ఈ ఒక్క ముక్క