కెమెరాల ముందు దొంగ నడక

అక్కా,

ఈ రోజు ఉదయం పదకొండింటికి నా కుడి మోకాలి ఆపరేషన్ అయింది. తెగిన లిగమెంటు బదులు నా తొడ వెనక నుంచే చిన్న ముక్క తీసి అమర్చారు. కాలి వేళ్ళు కదులుతున్నాయి, కంగారు పడకు.

మోకాలి కదలికల మీద పరిశోధన చేసే గదికి వెళ్ళమని నువ్వు పోరు పెట్టావు కదా, వెళ్ళాను. కాళ్ళకు మెరిసే బిళ్ళలు అంటించి కెమెరాల ముందు నడవమన్నారు. ఏమీ లేదంటే మళ్ళీ రిపోర్టింగ్ డ్యూటీకి పోవచ్చని పళ్ళు బిగించి తిన్నగా నడిచాను.

"ఏంటి సార్, పెళ్ళిచూపులకొచ్చారా? ఊరందరి నిజాలూ రాస్తారు, మీ కాలి సంగతి దాస్తారా?" అంది అక్కడి పరిశోధకురాలు. నడుముకు బెల్టు కట్టి, నడుస్తూ గభాల్న వెనక్కి తిరగమంది. తిరగ్గానే మోకాలు పక్కకు జారింది. ఆవిడే బెల్టు పట్టుకుని పడకుండా ఆపింది.

ఆ కాలితోనే డ్యూటీ చేస్తూ పోయుంటే ఎముకల మధ్య మెత్తటి పొర కూడా చిరిగేదని సర్జన్ చెప్పారు. నా కాలు నిలిచిందంటే ఆవిడ చలవ, నీ పోరు చలవ.

రెండు వదులు పైజామాలు పంపు, కట్టు మీంచి ప్యాంటు ఎక్కడం లేదు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? బావ తనే బాగు చేస్తానంటే మాత్రం ఒప్పుకోకు. ఆయనకు నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

రేపు పొద్దున తొమ్మిదింటికి చంకకర్రలిచ్చి నన్ను నిలబెడతారు.

నీ తమ్ముడు