గోళ్ల మధ్య పిడుదు

అవ్వా,

నీ సంవత్సరీకం నిన్న అయిపోయింది. ఇవాళ మళ్లీ శామీర్‌పేట తుప్పల్లోకే వెళ్లాను. తెల్లగుడ్డను గడ్డి మీద ఈడ్చుకుంటూ నడవాలి, దానికి అంటుకున్న పిడుదుల్ని ఏరి, ల్యాబులో పరీక్షకని సీసాలో వేయాలి. సాయంత్రానికి నడుము పడిపోతోంది. నువ్వుంటే "గింత సదివి గిదేం పనే?" అని నవ్వేదానివి.

తుర్కపల్లి ల్యాబులో ఫలితం వచ్చింది. మన మేకలు మేసిన చోట పట్టిన పిడుదుల్లోనే జ్వరం తెచ్చే బ్యాక్టీరియా ఉంది. నిన్ను తీసుకుపోయింది ఆ జ్వరమేనా అంటే, ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

ఇవాళ ఆ తుప్పల దగ్గరే యాదమ్మ చిన్నమ్మ మేకను ఒళ్లోకి లాక్కుని, దాని చెవిలోంచి పిడుదును పీకింది. అచ్చం నీలాగే రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టింది.

"చిదమకు చిన్నమ్మా, దాని లోపలిది చేతికంటితే జ్వరమొస్తది" అన్నాను.

"మీ అవ్వ నేర్పిందే గద బిడ్డా. ఇన్నేండ్ల సంది ఏమన్న అయిందా?"

పొద్దుటి నుంచి ఎండలో తిరిగి ఉన్నాను. వాదించే ఓపిక లేదు. "పోయేముందు అవ్వనే చెప్పింది, ఇగ చిదమొద్దని" అనేశాను.

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. పిడుదును నా సీసాలో వేసి, చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగింది.

ఆ జ్వరంలో నీకు చివరిదాకా మాటే రాలేదని ఆమెకు తెలియదు, అవ్వా.