మ్యాక్‌లో తేలిన శుభలేఖ

ఫిబ్రవరి 1998, గురువారం

ప్రెస్సులోని మ్యాక్‌కి తెలుగు రాదు. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. శుభలేఖ నాలుగింటికల్లా రాకపోతే తెలుగు పనులన్నీ రాయ్‌పూర్ పంపేస్తానన్నాడు యజమాని. అప్పుడు ఈ ప్రెస్సులో నాకు పనుండదు.

విండోస్‌ని నడిపించే ప్రోగ్రామొకటి ఎక్కించి, మ్యాక్ లోపలే విండోస్ తెరిచాను. నీళ్ల అడుగు నుంచి తేలినట్టు అక్షరాలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. చూస్తూ చూస్తూ నేనూ ఆ నీళ్లలోకి దిగిపోయాను. అయ్యేసరికి ఆరు.

"ఏటమ్మా, మీ మిషను నిద్రోతందా?" అన్నాడు ఊళ్లోని రుఆబాంధా బస్తీ నుంచి వచ్చిన పెళ్లికూతురి తండ్రి. తప్పులు చూడమని నమూనా ఇస్తే, అదే తొలి కార్డనుకుని నాలుగు మూలలా పసుపు రాసేశాడు.

యజమాని తల పట్టుకున్నాడు. "హల్దీ లగ్ గయీ, దీదీ. పసుపు రాశాక వెనక్కి తీసుకోకూడదు. ఇక్కడే వేసేయండి."

కళ్లు మూసినా అక్షరాలు తేలుతూనే ఉన్నాయి. ఈసారికి పని నిలిచింది; తర్వాత వచ్చేవాళ్లు కూడా ఇలా తొందరపడి పసుపు రాసేస్తారా, ఏమో...