మగ్గం తరఫున మనవి

శివయ్య చిన్నాయనకు, ఆదోని కాలేజీలో చదువు వెలగబెడుతున్న మీ అన్న కొడుకు, ఎమ్మిగనూరులోని మీ మగ్గం తరఫున వకాల్తా పుచ్చుకొని చేసుకొను మనవి.

మీ కూతురు, నా చెల్లెలు నాగవేణి చేతి మీది గాయాలన్నీ మగ్గం చేసినవేనని మీరు తీర్పిచ్చి, మగ్గానికి దిష్టి తీయించి, నిమ్మకాయలు కట్టించి, పోగును అటూ ఇటూ నడిపే బంగారంలాంటి నాడెను కూడా పారేయించారు. అయ్యా, నా కక్షిదారు నిరపరాధి. పోయిన వారమంతా మగ్గం మీద పడుగే లేదు, నేతే సాగలేదు. కొత్త గాయాలు మాత్రం అయ్యాయి. "సినిమాలు జూసి సెడినాది" అని సుంకులమ్మ చిన్నమ్మ రెండో ముద్దాయిని చూపించింది. ఊళ్లో టాకీసు మూతబడి మూడు నెలలు.

ఆదివారం ఊరికి వచ్చినప్పుడు పడుగుకు గంజి పెడుతూ నేను నాగవేణినే అడిగాను. ఆమెను అడగాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు మరి.

"పది తప్పినప్పట్నుంచి నాయన నాతో మాట్లాడల్యా అన్నా. లోపల తట్టుకోల్యాక నేనే సేసుకుంటాండా. సావాలని కాదు. నాకు భయం, నువ్వే నాయనకు సెప్పు" అంది.

చిన్నాయనా, హాస్యం ఇక్కడితో చాలు. తిట్టొద్దు. ఒట్టు వేయించుకోవద్దు. వచ్చిపోయేవాళ్లకు ఆ చేయి చూపించొద్దు. గురువారం నేను వస్తాను, ముగ్గురం ఆదోనిలో డాక్టరు దగ్గరికి పోదాం.

అంతవరకు మీకు ఒకటే శిక్ష. మగ్గానికి కట్టగా మిగిలిన నిమ్మకాయలు పిండి, షర్బత్తు చేసి ఆమెకివ్వండి. పరీక్ష ఊసెత్తకుండా పక్కన కూర్చోండి. ఆమె ఏమీ మాట్లాడకపోయినా లేవొద్దు.

ఇట్లు,
మీ మగ్గం వకీలు