పదకొండో ఛానెల్ మీది నల్ల టేపు

పల్నాడు జిల్లా గురజాల కాపురస్తుడిని, కాలం చేసిన మర్హూం షేక్ మీరావలి గారి పెద్ద కొడుకుని, బోరు మోటార్ల వైండింగు పని చేసుకుని బతికినవాడిని, యాభై ఏడేళ్ల షేక్ సత్తార్ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో చెప్పి రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉంది. వచ్చిన చిక్కల్లా అదే. చేతులతో పాటు అది కూడా పోయి ఉంటే ఈ కాగితాల అవసరం ఉండేది కాదు.

నాది నరాల జబ్బు. కుడిచేతి చూపుడువేలితో మొదలైంది. తర్వాత ఎక్కడికి పోతుందో గుంటూరు డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు: మోచెయ్యి, భుజం, నాలుక, చివరికి ఊపిరి. మందు లేదని నా భార్యకు చెప్పి, నన్ను మాత్రం రోజూ కాసేపు నడవమన్నారు.

రాస్తున్నవారు దస్తావేజు లేఖరి హనుమంతరావు గారు. వీలునామాలో ఆస్తి సంగతే ఉండాలని, మిగతావి ఇంట్లోవాళ్లతో నోటితో చెప్పుకోవచ్చని ఆయన అంటున్నారు. నా నాలుక అప్పుడే మొద్దుబారుతోంది. అందుకే చెప్పింది చెప్పినట్టు రాయమని కోరాను. ఆయన ఒప్పుకున్నారు, మొహం మాత్రం ఇష్టంగా పెట్టలేదు.

1. ఇల్లు, వైండింగు షాపు, అందులోని సామాను షరియత్ ప్రకారం ఎవరికి ఎంత రావాలో అంతే వస్తాయి. ఈ వీలునామా నా బేస్ గిటారుకు, దాని సామానుకు మాత్రమే. వాటిని ఎవరికి రాసినా సమ్మతమేనని నా భార్య గుల్జార్ బేగం, కొడుకు షాకిర్, కూతురు సైమా సంతకాలు పెట్టారు. పెట్టేటప్పుడు షాకిర్, "ఆ పాత సామానుకు ఇన్ని సంతకాలేంది అబ్బా" అన్నాడు.

2. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మామూలు గిటారుకు ఆరు సన్న తీగలు ఉంటాయి, బేస్ గిటారుకు నాలుగు లావు తీగలు. పాట పైన నడుస్తుంటే ఇది కింద నడుస్తుంది. ఇంటికి పునాది లాంటిదని వాయించేవాళ్లందరూ చెప్పుకుంటారు, నేనూ చెప్పుకున్నాను. మా వైపు ఆర్కెస్ట్రాల్లో ఇది ఉండదు. కీబోర్డు వాయించేవాడు ఎడమచేత్తో ఆ పని కానిచ్చేస్తాడు. నేను మద్రాసు వెళ్లి పాత గిటారు కొనుక్కొచ్చి, పగలు మోటార్లు చుట్టి, పెళ్లిళ్లలోనూ తిరునాళ్లలోనూ మా ఆర్కెస్ట్రా వెనక వరుసలో నిలబడి వాయించాను. సరదా కోసమే. ఆ సరదా లేకపోతే నాకు ఇంకేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది.

3. నరసరావుపేట బ్యాంకులో పనిచేసే జయకృష్ణకు, అంటే నా చేతులు పడిపోయాక నా చోట నిలబడి వాయిస్తున్న మనిషికి, నా పెడళ్లు నాలుగూ ఇస్తున్నాను. ఇవి గిటారుకూ, దాని శబ్దం పలికే పెట్టె అయిన ఆంప్‌కూ మధ్య నేల మీద పెట్టుకుని కాలితో తొక్కే ఇనప డబ్బాలు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనిదే.

నీలం డబ్బా కంప్రెసర్. గట్టిగా మీటిన దాన్ని తగ్గిస్తుంది, మెల్లగా మీటిన దాన్ని లేపుతుంది. గొడవల ఇంట్లో పెద్దకోడలు చేసే పనే అది. ఎప్పుడూ తీయొద్దు. గోధుమరంగుది ఆక్టేవ్, నువ్వు వాయించే స్వరానికి అదే స్వరాన్ని ఒక స్థాయి కింద కలుపుతుంది. శివుడి పాటలకు తప్ప వాడొద్దు. పసుపుది ఓవర్‌డ్రైవ్, శబ్దాన్ని గరుకు చేస్తుంది. కొన్న కొత్తలో మోజు కొద్దీ లాలిపాటకు కూడా తొక్కి, పెళ్లివారి చేత తిట్లు తిన్నాను. నల్లది నాయిస్ గేట్. దాని కథ ఐదో అంశంలో వస్తుంది.

వాయించే పద్ధతి ఆస్తి కిందికి రాదని లేఖరి గారు అంటున్నారు. నాకున్న ఆస్తి అదే గనుక రాయిస్తున్నాను. జయకృష్ణా, చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి పడాలి. తీగను కొట్టొద్దు, నొక్కి వదిలెయ్, వేలు పోయి పక్క తీగ మీద ఆనుకోవాలి. ఎడమచేతిలో పనిలేని వేళ్లను మిగతా తీగల మీద ఊరికే పడుకోబెట్టు, లేకపోతే అవీ మోగుతాయి. డ్రమ్ము కంటే ముందు పడొద్దు. స్వరం మొదలుపెట్టడం అందరికీ వస్తుంది, నువ్వు ఆపడం నేర్చుకో. పాత తీగలను మరిగే నీళ్లలో వేసి తీస్తే ఇంకొన్నాళ్లు పలుకుతాయి. నేను పులుసు గిన్నెలో మరిగించాను, ఆ పూట ఇంట్లో నాకు పులుసు పొయ్యలేదు. నీ గిన్నె సంగతి నువ్వే చూసుకో.

4. కీబోర్డు ఉపేంద్రకు నా మడత స్టూలు. నడుం నొప్పి అంటుంటాడు కదా. "సత్తార్ భాయ్ ఉన్నా లేకపోయినా పాట ఆగదులే" అని అతను ప్రతి స్టేజీ మీదా పరాచికం ఆడేవాడు. నేనూ నవ్వేవాణ్ని. అతని ఎడమచేతికి మాత్రం ఏమీ రాయడం లేదు.

5. మా ఆర్కెస్ట్రాకు మొదటి నుంచీ సౌండు పెట్టిన మక్బూల్‌కు, నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి. వాడిన ముక్కే.

శివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరునాళ్లకు దీపాలతో ఎత్తైన ప్రభ కట్టుకెళ్లిన ఊళ్లవాళ్లు దాని ముందు స్టేజీ వేసి పాటలు పెట్టిస్తారు. కరెంటు జనరేటరుది. ట్రాక్టరు ట్రక్కు మీద నిలబడ్డ జనరేటరుకు ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? దానికి తోడు బోర్డులకు రెండు బొక్కలే ఉంటాయని మా సౌండు వాళ్లు ప్లగ్గుకుండే లావు పిన్ను విరగ్గొట్టి పారేస్తారు. ఎర్త్ లేకపోతే గిటారులోంచి హమ్ వస్తుంది. నేను ఎక్కిన మొదటి ఏడు ఆ హమ్, తేనెపట్టు కదిలించినట్టు, కొండ కింద జనమంతటికీ వినపడింది. కమిటీ పెద్దలు మక్బూల్ మీద అరిచారు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడు దాన్ని మంచితనం అనుకున్నాను.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మోటార్లు చుట్టేవాడి గిటారుకు ఎర్త్ లేదంటే ఎంత నామోషీ. షాపులోని రాగిరేకు కత్తిరించి గిటారు పొట్టలో అంతా అంటించాను. వాయించనప్పుడు వచ్చే రొదను మూసేసే నాయిస్ గేట్ తెప్పించాను. మరుసటి ఏటి నుంచి స్టేజీ వెనక నేలలో ఇనపకడ్డీ దిగ్గొట్టి, ఉప్పునీళ్లు పోసి, నా సొంత ఎర్త్ వేసుకున్నాను. హమ్ పోయింది. నా ఆంప్‌లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

ఆంప్ అంటే నా వెనక ఉండే పెట్టె. అందులోంచి నేను వాయించేది నాకు వినపడుతుంది. అక్కడి నుంచి ఒక వైరు మక్బూల్ మిక్సరుకు పోతుంది, మిక్సరులోంచి పెద్ద బాక్సులకు, అక్కడి నుంచి జనానికి. నాకు వినపడుతోంది కాబట్టి జనానికీ వినపడుతోందనుకున్నాను. ఫోను వీడియోల్లో నా గిటారు వినపడకపోతే, ఫోనుకుండే స్పీకరు ఎంత, అందులో బేస్ ఎట్లా పలుకుతుందిలే అనుకునేవాణ్ని.

మొన్నటి శివరాత్రికి జయకృష్ణ నా గిటారుతో స్టేజీ ఎక్కాడు. నేను మొదటిసారి కింద జనంలో నిలబడి విన్నాను. మొదటి పాట అయింది, రెండోది అయింది. బేస్ గిటారు లేదు. అతని వేళ్లు ఆడుతున్నాయి, ఏమీ రావడం లేదు. భయపడి మీటడం లేదేమో, ధైర్యం చెబుదామని మిక్సరు పక్కగా బయల్దేరాను. నా గిటారు వైరు వచ్చే పదకొండో ఛానెల్‌లో శబ్దం పెంచే మీట పూర్తిగా కిందికి దించి ఉంది. పైకి జరగకుండా దాని మీద నల్ల టేపు అంటించి ఉంది. టేపు అంచులు జిడ్డుపట్టి, మీద దుమ్ము పేరుకుని, మిక్సరుతో పాటే పుట్టినట్టుంది. దాని కింద తెల్ల స్టిక్కరు మీద నా పేరు సగం చెరిగిపోయి ఉంది.

ఇదేందని మక్బూల్‌ను అడిగాను. "హమ్మొస్తందని మొదటేడు మూసినా భాయ్. మళ్లా తియ్యాలని గుర్తు రాలా. చానా యేళ్లాయె గదా, ఎవురూ అడగనూ లా. ఉపేంద్ర ఎడంచెయ్యి ఉండనే ఉండె" అన్నాడు. అబద్ధమాడి ఉంటే కొంత బాగుండేది.

ఎవరూ అడగలేదు. గురజాలలో, మాచర్లలో, నాదెండ్లలో, ఎక్కడా, పెళ్లికొచ్చిన ఒక్క మనిషి కూడా బేస్ ఏదని అడగలేదు. నేను తీగ ఆపిన చోట పాట ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. పాటకు నేను ఉన్నట్టే తెలియదు. జబ్బు సంగతి డాక్టరు చెప్పినప్పుడు నేను ఏడవలేదు. ఆ రోజు మిక్సరు పక్కన, పాటలు మోగుతుండగా, నిలబడి ఏడ్చాను. చేతులు లేచేవి కావు గనుక కళ్లు కూడా తుడుచుకోలేకపోయాను. మక్బూలే తన రుమాలుతో తుడిచాడు.

ఆ టేపును జయకృష్ణ చేత పీకించి దాచాను. మక్బూల్ దాన్ని తన మిక్సరు పెట్టె మూత లోపల, తెరిచినప్పుడల్లా కనపడేలా అంటించుకోవాలి. ఈ వీలునామాకు సాక్షి కూడా అతనే. లాభం పొందేవాడు సాక్షి సంతకం పెడితే తర్వాత పేచీ వస్తుందని లేఖరి గారు అడ్డు చెప్పారు. ఇందులో అతనికి లాభం ఏముందో చూపించమన్నాను.

6. జనరేటరు నడిపే ఏసోబుకు నా ఎర్త్ కడ్డీ, సుత్తి. అతనూ సాక్షే, పాత ఇనుముకు ఎవరూ పేచీ పెట్టరులే. ప్రతి ఏడూ నాతో పాటు అతనే నేలలో దిగ్గొట్టి, ఉప్పునీళ్లు మోసుకొచ్చాడు. స్టేజీ వెనక నా దగ్గరే కూర్చునేవాడు, కానీ జనరేటరు మోతకు అతని చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. అతనికి వినపడలేదంటే నాకు బాధ లేదు.

7. గుల్జార్ బేగంకు ఆంప్ పెట్టె. దాని మీద ఇప్పటికే మందులు, నీళ్ల చెంబు పెడుతోంది, ఇకమీదటా పెట్టుకోవచ్చు. వాయించేవాడికి గోళ్లు ఉండకూడదని పెళ్లయినప్పటి నుంచీ ప్రతి శుక్రవారం జుమ్మాకూ తనే నా గోళ్లు కత్తిరించింది. ఇక వాయించేది లేదు, వదిలెయ్యమన్నాను. "మీరు ఊరుకోండి" అని ఇప్పటికీ కత్తిరిస్తూనే ఉంది. ఆమెకు నేను రాసివ్వగలిగింది ఈ ప్రపంచంలో ఏమీ లేదు.

8. షాకిర్‌కు నా ట్యూనరు. స్వరం సరిగ్గా ఉంటే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం వెలుగుతుంది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాడు గిటారు ఫోటో తీసి ఫోనులో అమ్మకానికి పెట్టాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకపోవడం నాకు కొత్త కాదు కాబట్టి వాడి మీద కోపం కూడా లేదు. అయితే నా తర్వాత మళ్లీ పెట్టకూడదు.

9. గిటారు, దాని పెట్టె, తోలు పట్టీ నా కూతురు సైమాకు.

సైమాకు వాయించడం రాదు. పాడటమూ రాదనే అందరం అనుకున్నాం. బళ్లో ప్రార్థన పాడే పిల్లల్లోంచి సుప్రజ టీచరు దాన్ని తీసేసింది. "ఈ పిల్ల అందరితో కలవదండీ, అందరూ ఒకటి పాడతంటే ఇది కింద ఇంకేదో అంటది" అని నాతోనే చెప్పింది. ఇంట్లో అది పాట ఎత్తుకుంటే షాకిర్ చెవులు మూసుకునేవాడు, మేం నవ్వేవాళ్లం. అది పాడటం మానేసింది.

నాకు అన్నం తినిపించడానికి ఇప్పుడు ఇక్కడే ఉంటోంది. ఎండల్లో ఒకరోజు వరండాలో కూర్చుని, ఏడాది కారానికి మిరపకాయలు తొడాలు తీస్తూ, తనలో తను ఏదో అనుకుంటోంది. పాట కాదు. పాట కింద నడిచేది. పల్లవి తిరిగి వచ్చేముందు నేను పై తీగ నుంచి కింది తీగ దాకా వేలు జార్చేవాణ్ని. అది రికార్డులో లేదు, ఉపేంద్ర ఎడమచేతిలో లేదు, పెద్ద బాక్సుల్లోంచి ఏనాడూ రాలేదు. నా వెనక పెట్టెలోంచి తప్ప ఎక్కడా లేదు. సైమా ఆ జారుడుతో సహా అంది.

అప్పుడు గుర్తొచ్చింది. సైమా చిన్నప్పుడు తిరునాళ్లకు వస్తే గుల్జార్ దాన్ని ఎత్తుకుని స్టేజీ వెనక కూర్చునేది. జనరేటరు మోతకు ఏడుస్తుంటే నా ఆంప్‌కు ఆనించి పడుకోబెట్టేది. ఆ పెట్టెకు చెవి ఆనించి నిద్రపోయేది. అక్కడ దానికి పాట వినపడేది కాదు, నేనే వినపడేవాణ్ని.

ఇంకోసారి అను అన్నాను. భయపడింది, తర్వాత అంది. ఏ పాట ఎత్తుకున్నా రెండో చరణం దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత ఏముందని అడిగితే, "తెలీదు అబ్బా, అంతే ఉంది" అంది. అక్కడికి దానికి నిద్ర పట్టేది.

తర్వాతది నాకు తెలుసు. చూపిద్దామంటే వేళ్లు ఆడవు. నోటితో అందామని ప్రయత్నించాను, గొంతు అంత కిందికి దిగలేదు, గురక లాంటిది వచ్చింది. దగ్గు అనుకుని సైమా నీళ్లు తెచ్చింది. తాగాను.

ఆ రెండో సగం ఏ రికార్డులోనూ లేదు, ఎవరి చెవిలోనూ లేదు. దాన్ని ఎవరికీ రాయలేకపోతున్నాను. సైమా గిటారు నేర్చుకుంటే జయకృష్ణ నేర్పాలి, నేర్చుకోకపోతే ఎవరూ బలవంతం చేయకూడదు. నేర్చుకుంటే, ఆగిన చోటు నుంచి తనకు తోచినట్టు వాయించుకోవచ్చు. తప్పని చెప్పడానికి ఎవరూ ఉండరు.

పై అంశాలన్నీ లేఖరి గారు చదువుతుంటే మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఏదీ వదిలిపోలేదు. సంతకం చేయలేను గనుక జయకృష్ణ నా చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించాడు.

గురజాల, తేదీ 14-06-2025.

షేక్ సత్తార్, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సమ్మతి: గుల్జార్ బేగం, షాకిర్, సైమా.

దస్తూరి: హనుమంతరావు, దస్తావేజు లేఖరి.

సాక్షులు:
ఏసోబు, జనరేటరు. వేలిముద్ర వేస్తుంటే చూశాను. చదివింది సరిగా వినపడలేదు.
మక్బూల్, సౌండు సర్వీసు. ఐదో అంశం రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాను. టేపు అందింది.