లిఫ్టు బటన్లకు పూజ

అక్కా,

నీ సంవత్సరీకం అయి వారం కాలేదు, ఈరోజు మా ఆఫీసులో లిఫ్టు బటన్లకు పూజ చేశారు. నవ్వకు, నిజంగానే కొబ్బరికాయ కొట్టారు. హైటెక్ సిటీలోని మా టవర్లో అన్ని బటన్లకూ కొత్త పూత వేయించారు. అది హాని చేసే బాక్టీరియానూ ఫంగస్‌నూ మాత్రమే పట్టి చంపుతుందట, మన చర్మానికి మేలు చేసేవాటి జోలికి పోదట. నేను కుంకుమ పెట్టబోతే, మెయింటెనెన్స్ చూసే యాదగిరి "జర ఆగండి మేడమ్, పూత ఖరాబైతది" అన్నాడు.

నాకు నీ మెడలో పెట్టిన గొట్టం గుర్తొచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆ గొట్టం వెంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. "గిట్ల ఒక్కోసారి అయితదమ్మా" అని దవాఖానలో ఎంత తేలిగ్గా చెప్పారో!

"ఈ పూత దవాఖాన గొట్టాలకు వెయ్యరా?" అని అడిగాను.

"అసలు వాటికోసమే కనిపెట్టిన్రంట మేడమ్. పేషెంట్లకు వాడాలంటే పరీక్షలు, పర్మిషన్లు, ఏండ్లు పడ్తదంట. బటన్లకైతే ఎవర్నీ అడిగేది లేదు గద!"

ఒళ్లు మండిపోయింది. పరీక్షలు వద్దని నేననను. కానీ వాటికోసం ఎవరైనా పరుగెత్తారా? లిఫ్టు బటన్ నొక్కి ఎవరు చచ్చారని ముందు దానికి పూశారు?

ఇంకో సంగతి వింటే నువ్వు వాళ్లను నిలబెట్టి కడిగేసేదానివి. కరోనా నాటి నుంచి ఇక్కడ ఎవరూ బటన్‌ను వేలితో ముట్టుకోరు. హారతి కాగానే మా మేనేజర్ అందరికంటే ముందు లిఫ్టు దగ్గరికి వెళ్లాడు. చప్పట్ల మధ్య, కొత్త పూత పూసిన బటన్‌ను మోచేత్తో నొక్కాడు.